సైన్యానికి ఏటా ఎంతమందిని తీసుకోవాలి? సిబ్బంది సిమ్యులేషన్ మోడల్ మీరే కట్టుకునే పద్ధతి

సైన్యంలో హవల్దార్ పోస్టు ఖాళీ అయితే, పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కావాలని పేపర్లో ప్రకటన ఇచ్చి తెచ్చుకోవడం కుదరదు. పదేళ్ల కిందట సిపాయిలుగా చేరినవాళ్లలోంచే ఒకరు రావాలి. బ్యాంకుకూ, సాఫ్ట్‌వేర్ కంపెనీకీ లేని ఈ ఒక్క నిబంధన వల్లే సైనిక సిబ్బంది ప్రణాళిక ప్రత్యేక విద్య అయింది. ఒక ఏడాది భర్తీ తప్పితే ఆ లోటు ఆ ఏడాదితో పోదు. ఏటా ఒక్కో మెట్టు పైకి జరుగుతూ, ఆ బ్యాచ్ రిటైరవాల్సిన రోజు దాకా ఉంటుంది.

కోవిడ్ కారణంగా 2020-21, 2021-22 సంవత్సరాల్లో మన సైన్యంలో సిపాయిల భర్తీ జరగలేదు. ఆ వెంటనే, 2022 జూన్ 14న, అగ్నిపథ్ పథకం ప్రకటించారు: సిపాయిలను నాలుగేళ్లకే తీసుకుని, వాళ్లలో కొందరినే ఆ తర్వాత కొనసాగించే పద్ధతి. అలా చేరినవాళ్లే అగ్నివీరులు. ఈ రెండూ కలిసి రాబోయే ఇరవై ఏళ్లలో ఏం చేస్తాయన్నది నోటి లెక్కతో తేలదు. మోడల్ కట్టి, ఏడాది తర్వాత ఏడాది నడిపించి చూడాలి. ఆ పని ఎలా చేయాలో ఇక్కడ చెబుతున్నాను. స్టాటిస్టిక్స్, ఆపరేషన్స్ రీసెర్చ్ చదివే విద్యార్థులకూ, రక్షణ విషయాలు రాసే విలేకరులకూ, సిబ్బంది విభాగాల్లో కొత్తగా చేరిన అధికారులకూ ఇది పనికొస్తుంది. ఎక్సెల్ వస్తే చాలు. ఒక్క చోట మాత్రం కొంచెం పైథాన్ తెలిస్తే సుళువవుతుంది.

1. ముందు ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

ప్రశ్న లేకుండా మోడల్‌కు దిగడమంటే ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. "సైన్యంలో మానవ వనరుల స్థితి ఎలా ఉంటుంది" అనేది ప్రశ్న కాదు. "నాలుగేళ్ల తర్వాత కొనసాగించే అగ్నివీరుల వాటా 25 శాతం నుంచి 50 శాతానికి పెంచితే, 2040లో నాయక్, హవల్దార్ ర్యాంకుల్లో ఎన్ని ఖాళీలు ఉంటాయి?" అన్నది ప్రశ్న. ఇందులో మార్చగలిగిన నిర్ణయం ఉంది, తేదీ ఉంది, కొలిచే అంకె ఉంది. ఈ మూడింటిలో ఏది లేకపోయినా మళ్లీ రాయండి. మోడల్ ఎంత వివరంగా ఉండాలో కూడా ఈ వాక్యమే తేలుస్తుంది: ర్యాంకులు అడిగితే ర్యాంకులు కావాలి, సగటు వయసు మాత్రమే అడిగితే అక్కర్లేదు.

2. కంప్యూటర్ తెరవకముందే కాగితం మీద లెక్క వేయండి

చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. నా ఉద్దేశంలో మొత్తం పనిలో అన్నిటికంటే విలువైనది ఇదే. సూత్రం చాలా చిన్నది: ఏ సంస్థలోనైనా పరిస్థితి నిలకడగా ఉంటే, మొత్తం సిబ్బంది = ఏటా చేరేవాళ్లు × ఒక్కొక్కరు సగటున ఉండే ఏళ్లు. ఆపరేషన్స్ రీసెర్చ్‌లో దీన్ని లిటిల్ సూత్రం అంటారు.

లెక్క నేర్చుకోవడానికి 10 లక్షల మంది ఉన్న ఒక సైన్యాన్ని ఊహించుకుందాం. ఇవి నేను వేసుకున్న గుండ్రటి అంకెలు, మన సైన్యం అసలు అంకెలు కావు. పాత పద్ధతిలో సిపాయి సగటున 20 ఏళ్లు ఉంటాడనుకుంటే, ఏటా 50,000 మందిని తీసుకుంటే సరిపోతుంది. అగ్నిపథ్ నిబంధనల ప్రకారం అందరూ 4 ఏళ్లు ఉంటారు. వాళ్లలో గరిష్ఠంగా 25 శాతం మంది ఆ పైన కనీసం 15 ఏళ్లు పనిచేస్తారు. అంటే ఒక్కో మనిషికి సగటు 4 + (0.25 × 15) = 7.75 ఏళ్లు. 10 లక్షలను 7.75తో భాగిస్తే ఏటా సుమారు 1.29 లక్షల మంది కావాలి. వాటా 50 శాతం చేస్తే సగటు 11.5 ఏళ్లు అవుతుంది, ఏటా కావాల్సినవాళ్లు 87,000కు తగ్గుతారు.

ఇప్పుడు వయసు చూడండి. పథకం ప్రకటించినప్పుడు చేరే వయసు పదిహేడున్నర నుంచి 21 వరకు పెట్టారు కాబట్టి మధ్యలో 19 అనుకుందాం. మొదటి నాలుగేళ్లలో ఉన్నవాళ్ల సగటు వయసు 21, కొనసాగినవాళ్లది (23 నుంచి 38 వరకు) 30.5. 25 శాతం లెక్కలో సైన్యంలో 52 శాతం మంది మొదటి నాలుగేళ్లలోనే ఉంటారు, మొత్తం సగటు 25.6 వస్తుంది. ఆరేడేళ్లలో సగటు వయసు 32 నుంచి 26కు తగ్గుతుందని పథకం ప్రకటించినప్పుడు ప్రభుత్వం చెప్పింది. మన చిన్న లెక్క ఆ అంకెకు దగ్గరగానే వచ్చింది. 50 శాతం లెక్కలో సగటు వయసు 27.2 అవుతుంది.

రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టండి. వాటా రెట్టింపు చేస్తే సగటు వయసు పెరిగేది ఏడాదిన్నర. కానీ నాలుగేళ్లకే బయటికి వెళ్లేవాళ్లు ఏటా 97,000 నుంచి 43,500కు పడిపోతారు, నాలుగేళ్లకు మించిన అనుభవం ఉన్నవాళ్లు 48 శాతం నుంచి 65 శాతానికి పెరుగుతారు. ఒక్క కంప్యూటర్ మీట నొక్కకుండానే వాదన ఎక్కడ జరగాలో తెలిసిపోయింది.

ప్రకటనలను సరిచూడ్డానికీ ఇదే సూత్రం వాడండి. 2022 జూన్ 19న సైనిక వ్యవహారాల విభాగం అప్పటి అదనపు కార్యదర్శి లెఫ్టినెంట్ జనరల్ అనిల్ పురీ విలేకరులతో మాట్లాడుతూ, 46,000తో మొదలైన ఏటి భర్తీ ముందు ముందు 1.25 లక్షలకు చేరుతుందన్నారు. 1.25 లక్షలను 7.75తో గుణిస్తే సుమారు 9.7 లక్షలు. మూడు దళాల బలం దాదాపు 14 లక్షలు. కాబట్టి కొనసాగినవాళ్లు 15 ఏళ్లకంటే బాగా ఎక్కువ కాలమైనా ఉండాలి, వాటా అయినా పెరగాలి, మొత్తం బలమైనా తగ్గాలి. ఏది జరుగుతుందన్నది అడగాల్సిన ప్రశ్న.

ఈ తర్జనభర్జన ఇప్పటిది కూడా కాదు. 17 ఏళ్ల కలర్ సర్వీసును (సిపాయి యూనిఫాంలో పనిచేసే కాలాన్ని) 7 నుంచి 10 ఏళ్లకు తగ్గించాలని 1999 యుద్ధం తర్వాత కార్గిల్ సమీక్షా సంఘం సూచించింది. మన ఊహా సైన్యంలో ఆ సూచన అమలైతే ఏటా లక్ష నుంచి 1.43 లక్షల మంది కావాలి. ఏ ప్రతిపాదన వచ్చినా ముందు ఈ భాగహారం చేయండి.

3. ఎక్సెల్‌లో ఏడాదికో నిలువు వరుస

పై సూత్రం చెప్పేది అంతా కుదురుకున్నాక వచ్చే స్థితి. 4 + 15 ఏళ్ల పద్ధతి కుదురుకోవడానికే 19 ఏళ్లు పడుతుంది. ఆ మధ్యకాలంలో ఏం జరుగుతుందో తెలియాలంటే షీట్ కావాలి.

అడ్డ వరుసలు సర్వీసు ఏళ్లు: 0, 1, 2... 34 దాకా. నిలువు వరుసలు క్యాలెండర్ సంవత్సరాలు. ప్రతి గడిలో ఆ సంవత్సరం అంత సర్వీసు ఉన్నవాళ్ల సంఖ్య. సూత్రం ఒక్కటే: ఈ గడి = ఎడమ నిలువు వరుసలో ఒక మెట్టు పైన ఉన్న గడి × (1 − ఆ సర్వీసులో వదిలి వెళ్లే రేటు). అన్నిటికంటే పై గడిలో ఆ ఏటి భర్తీ వేయండి. వదిలి వెళ్లే రేట్లను వేరే షీట్‌లో పెట్టండి. సూత్రాల్లో అంకెలు గుచ్చితే రేపు మార్చేటప్పుడు ఒకటి మారి ఒకటి మారకుండా ఉండిపోతుంది. అగ్నివీరులకూ పాత పద్ధతిలో చేరినవాళ్లకూ విడివిడి షీట్లు వేయండి. రెండింటినీ ఒకే పట్టికలో కలిపితే నాలుగో ఏట ఎవరు వెళ్తున్నారో చూపించలేరు.

ఊహా సైన్యాన్నే నడిపిద్దాం. 50,000 మంది చొప్పున 20 బ్యాచ్‌లు, మొత్తం 10 లక్షలు. రెండేళ్లు భర్తీ సున్నా. ఏటా 50,000 మంది వెళ్తూనే ఉంటారు కాబట్టి 9 లక్షలు మిగులుతారు. (మన అసలు సైన్యంలోనూ లక్షకు పైగా ఖాళీలున్నాయని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది కూడా.) ఆ తర్వాత ఏటా 40,000 మంది అగ్నివీరులు చేరతారనుకోండి. మొదటి నాలుగేళ్లు బలం ఏటా 10,000 చొప్పున తగ్గి 8.6 లక్షలవుతుంది. అయిదో ఏట 50,000 మంది పాతవాళ్లతో పాటు 30,000 మంది అగ్నివీరులూ వెళ్తారు. బలం ఒక్కసారిగా 8.2 లక్షలకు దిగుతుంది, ఆరో ఏట 7.8. బలాన్ని ఉన్నచోట నిలపడానికే అయిదో ఏట నుంచి భర్తీ 80,000 కావాలి. ఈ దూకుడు నాలుగేళ్ల ముందే కనిపిస్తేనే శిక్షణ కేంద్రాలు, బ్యారక్‌లు, ఇన్‌స్ట్రక్టర్లు సిద్ధమవుతారు.

ఇదే షీట్‌లో ఏడో ఏటి సగటు వయసు చూడండి: 30.4. అగ్నివీరుల భర్తీ మొదలుపెట్టినప్పుడు 30. అంటే ఏమీ తగ్గలేదు! మొదటి ఏడు నుంచే లక్ష మంది చొప్పున తీసుకున్నా 28కి వస్తుంది తప్ప 26కి రాదు. ఆరేడేళ్లలో 26 అన్న మాట నిజమవాలంటే భర్తీ ఎంత వేగంగా పెరగాలో మీ షీట్‌లో అసలు వయసుల పంపిణీ వేసి తేల్చుకోండి. గమ్యం సరైనదే అయినా చేరే కాలం వేరని చెప్పడానికి ఇంతకంటే మంచి పనిముట్టు లేదు.

4. అంకెలు ఎక్కడివి, ఏవి ముట్టకూడదు

బయటివాళ్లకు లోక్‌సభ, రాజ్యసభ ప్రశ్నల జవాబులు, రక్షణ స్థాయీ సంఘం నివేదికలు, కాగ్ నివేదికలు, బడ్జెట్‌తో వచ్చే డిఫెన్స్ సర్వీసెస్ ఎస్టిమేట్స్ ఉన్నాయి. వీటితో సైన్యం మొత్తానికి పనికొచ్చే మోడల్ కట్టవచ్చు. ప్రతి అంకె పక్కన అది ఏ తేదీ నాటిదో, ఎవరిని లెక్కించిందో రాయండి. మంజూరైన బలం, వాస్తవ బలం వేర్వేరు. అధికారులు కలిశారా, నర్సింగ్ సర్వీస్ కలిసిందా అన్నదీ చూడాలి. జూన్ 19 నాటి సమావేశంలోనే, మూడు దళాల నుంచి ఏటా సుమారు 17,600 మంది ముందస్తు విరమణ తీసుకుంటున్నారని పురీ చెప్పారు. 14 లక్షల మీద అది నూటికి ఒకటి పైచిలుకు. వదిలి వెళ్లే రేటుకు ఇలాంటి మాటే మొదటి ఆధారం.

యూనిఫాంలో ఉన్నవాళ్లకు ఒక మాట. యూనిట్ల వారీ బలం, మోహరింపు వివరాలు, మెడికల్ కేటగిరీలు సొంత ల్యాప్‌టాప్‌లోకి, ఆన్‌లైన్ షీట్‌లలోకి, చాట్‌బాట్‌లలోకి ఎక్కించకండి. మోడల్ నిర్మాణాన్ని ఊహా అంకెలతో బయట కట్టి, అసలు అంకెలను లోపలి నెట్‌వర్క్‌లోనే పోయండి.

5. పదోన్నతులు: రెండు రకాలు, రెండు లెక్కలు

కొన్ని ప్రమోషన్లు కాలాన్ని బట్టి వస్తాయి. అజయ్ విక్రమ్ సింగ్ కమిటీ సిఫార్సులు 2004 డిసెంబరులో అమలయ్యాక అధికారులు 2 ఏళ్లకు కెప్టెన్, 6 ఏళ్లకు మేజర్, 13 ఏళ్లకు లెఫ్టినెంట్ కల్నల్ అవుతున్నారు. దీన్ని మోడల్‌లో పెట్టడం తేలిక: సర్వీసు ఏడు దాటగానే గడి మారుతుంది. కల్నల్ దగ్గర మాత్రం పైన ఖాళీ ఉండాలి, ఎంపిక బోర్డు దాటాలి. సిపాయి నుంచి నాయక్, హవల్దార్, నాయబ్ సుబేదార్, సుబేదార్ వరకు మెట్లలోనూ ఖాళీయే అసలు విషయం. అందుకే లెక్క పై నుంచి కిందికి నడవాలి: సుబేదార్లు ఎంతమంది రిటైరయ్యారు, అందువల్ల ఎంతమంది నాయబ్ సుబేదార్లు పైకి వెళ్లారు, అందువల్ల ఎన్ని హవల్దార్ పోస్టులు ఖాళీ అయ్యాయి. కింది నుంచి మొదలుపెడితే మంజూరైన పోస్టులకంటే ఎక్కువమందిని ప్రమోట్ చేసేస్తారు.

ఇప్పుడు జాగ్రత్తగా చూడాల్సింది అర్హుల సంఖ్య. మన ఊహా సైన్యానికి ఏటా 12,000 మంది కొత్త హవల్దార్లు కావాలనుకోండి. పాత పద్ధతిలో 50,000 మంది బ్యాచ్‌లోంచి నలుగురిలో ఒకరిని ఏరుకునేవారు. 2020-22 బ్యాచ్‌ల వంతు వచ్చేసరికి ఏరుకోవడానికి ఎవరూ ఉండరు. ఆ తర్వాతి బ్యాచ్‌లో 40,000 మంది చేరినా కొనసాగేది 10,000 మందే. అందరినీ ప్రమోట్ చేసినా 2,000 పోస్టులు మిగిలిపోతాయి. అప్పుడు జూనియర్లను ముందే పైకి పంపాలి, లేదా పాతవాళ్ల సర్వీసు పొడిగించాలి, లేదా పోస్టులు ఖాళీగా ఉంచాలి. ఈ మూడింటినీ మూడు ప్రత్యామ్నాయాలుగా మోడల్‌లో పెట్టి నడపండి. సెక్షన్ కమాండర్‌కు (పదిమంది జట్టును నడిపేవాడికి) ఎన్నేళ్ల అనుభవం ఉందన్నది సరిహద్దులో పదిమంది ప్రాణాలకు సంబంధించిన అంకె. దాన్ని సగటు వయసు వెనకకు నెట్టేయకండి.

6. యాదృచ్ఛికత ఎక్కడ పెట్టాలి

పుస్తకాల్లో చదివి చాలామంది వెంటనే మాంటే కార్లో (పాచికలు వేసినట్టు యాదృచ్ఛిక అంకెలతో మోడల్‌ను ఎన్నోసార్లు నడపడం) అంటారు. ముందు ఈ లెక్క చూడండి. 10 లక్షల మందిలో ఒక్కొక్కరూ ఏడాదిలో వదిలి వెళ్లే సంభావ్యత 2 శాతం అనుకుంటే సగటున 20,000 మంది వెళ్తారు. కేవలం యాదృచ్ఛికం వల్ల వచ్చే ప్రామాణిక విచలనం (సగటు నుంచి మామూలుగా ఉండే తేడా) 140. అంటే దాదాపు ఎప్పుడూ 19,720 నుంచి 20,280 లోపే ఉంటుంది. అదే రేటు 2 నుంచి 3 శాతం అయిందంటే తేడా 10,000. కాబట్టి సైన్యం మొత్తానికి కట్టే మోడల్‌లో ఒక్కో మనిషికి పాచిక వేయడం వృథా. రేటు మీదే అనుమానం ఉంచండి: ప్రతి రన్‌లో 1 నుంచి 3 శాతం మధ్య ఒక రేటును తీసుకుని 20 ఏళ్లూ నడపండి, అలా వెయ్యి సార్లు.

చిన్న ట్రేడ్‌లలో (ఒకే రకం పని చేసే సిబ్బంది వర్గాల్లో) కథ మారిపోతుంది. 120 మంది టెక్నీషియన్లున్న ఒక రాడార్ ట్రేడ్‌లో అదే 2 శాతం అంటే సగటున ఇద్దరు ముగ్గురు. ఒక ఏడాది ఎవరూ వెళ్లకపోవచ్చు, ఇంకో ఏడాది ఆరుగురు వెళ్లిపోవచ్చు. వాళ్ల స్థానంలో వచ్చేవాడికి శిక్షణ పూర్తవడానికి రెండేళ్లు పడితే ఆ ఆరుగురు ఒక రాడార్ కేంద్రాన్ని ఆపేయగలరు. ఇక్కడ మనిషి మనిషికీ సిమ్యులేషన్ తప్పదు. ఎక్సెల్‌లో బైనామ్.ఇన్వ్ (BINOM.INV) ఫంక్షన్‌లో ర్యాండ్ (RAND) పెట్టి చేయవచ్చు. శిక్షణ సీట్ల కోసం క్యూలు కూడా ఉంటే పైథాన్‌లో సింపై (SimPy) లైబ్రరీ నయం: ఒక్కో సైనికుడు ఒక ప్రక్రియ, శిక్షణ సీటు ఒక వనరు.

7. గతం మీద పరీక్ష పెట్టండి

2010 నాటి అంకెలతో మొదలుపెట్టి 2020 దాకా నడిపి, పార్లమెంటుకు చెప్పిన అంకెలతో పోల్చండి. మొత్తం సరిపోయినంత మాత్రాన సంతృప్తి పడకండి. ఎక్కువ భర్తీ, ఎక్కువ విరమణ ఒకదాన్నొకటి కప్పేసుకుని మొత్తాన్ని సరిగ్గా చూపించగలవు. ఏటి విరమణలు, ఖాళీలు విడివిడిగా సరిపోవాలి. సరిపోకపోతే రేట్లను ఇష్టమొచ్చినట్టు సర్దకండి, కారణం వెతకండి.

8. డబ్బు, బయట వరుసలో ఉన్నవాళ్లు

పింఛను ఆదా గురించి మాట్లాడేముందు షీట్‌కు ఒక ఖర్చు పట్టిక జతచేయండి. 2022లో పాత పద్ధతిలో చేరి ఉంటే ఆ సిపాయి పింఛను మొదలయ్యేది 2037 తర్వాతే. అంటే అప్పటిదాకా అగ్నిపథ్ వల్ల పింఛను బిల్లులో ఆదా కనిపించదు. సేవానిధి (నాలుగేళ్లకు బయటికి వెళ్లే అగ్నివీరుడికి ఒకేసారి ఇచ్చే మొత్తం) మాత్రం అయిదో ఏటే చెల్లించాలి. ఒక్కొక్కరికి వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు. అందులో వడ్డీ తీసేస్తే సగం సైనికుడి జీతంలోంచి కోసింది, సగం ప్రభుత్వం వేసింది, చెరి 5.02 లక్షలు. మన ఊహా సైన్యంలో ఏటా 30,000 మంది వెళ్తే సుమారు 3,500 కోట్ల చెల్లింపు.

చాలా మోడళ్లు గేటు లోపలి నుంచే మొదలవుతాయి. గేటు బయట ఉన్నవాళ్లకూ ఒక వరుస ఇవ్వండి: అర్హత ఉన్న యువకులు, వయసుల వారీగా. పదిహేడున్నర నుంచి 21 దాకా ఉన్న కిటికీ మూడున్నరేళ్లే. భర్తీ రెండేళ్లు ఆగితే, ఆగిన రోజుకు 19 దాటినవాళ్లంతా ఆ కిటికీలోంచి బయటికి జారిపోతారు. అందుకే 2022కు మాత్రం వయోపరిమితిని 23కు పెంచాల్సి వచ్చింది. ఆ జూన్ 17న సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో అగ్నిపథ్‌కు వ్యతిరేకంగా ఆందోళన చేసినవాళ్లలో చాలామంది దేహదారుఢ్య, వైద్య పరీక్షలు దాటి రాత పరీక్ష కోసం ఎదురుచూస్తున్నవాళ్లు. కాల్పుల్లో ఒక యువకుడి ప్రాణం పోయింది. షీట్‌లో రెండు గడుల్లో సున్నా వేసినప్పుడు, ఆ సున్నా కింద ఎంతమంది వయసు దాటిపోతున్నారో చూపించే వరుస కూడా ఉంటే, నిర్ణయం తీసుకునేవాళ్ల ముందు ఆ సంఖ్య ఉంటుంది.

9. ఫలితాన్ని ఎలా ఇవ్వాలి

ఒక్క అంకె ఇవ్వకండి. "2040లో హవల్దార్ ఖాళీలు 2,000" అని రాస్తే అదే శాసనంగా తిరుగుతుంది. వెయ్యి రన్‌లలో నూటికి తొంభై ఏ పరిధిలో పడ్డాయో ఇవ్వండి. పక్కనే, ఫలితాన్ని బాగా కదిలించే మూడు ఊహలేవో రాయండి. మన లెక్కలో అవి కొనసాగింపు వాటా, కొనసాగినవాళ్ల సగటు సర్వీసు, ఏటి భర్తీ. ఈ మూడింటిలో ఏది ఎవరి చేతిలో ఉందో కూడా చెప్పండి: వాటా ప్రభుత్వానిది, భర్తీ వేగం శిక్షణ కేంద్రాల సామర్థ్యాన్ని బట్టి, సర్వీసు సైనికుడి కుటుంబ నిర్ణయం మీద కూడా. రెండు పేజీలు దాటనివ్వకండి. షీట్ మాత్రం అడిగినవాళ్లకు మొత్తం ఇవ్వండి.

సైన్యంలో మొదటి అగ్నివీరుల శిక్షణ 2023 జనవరిలో మొదలైంది. నాలుగేళ్లు నిండి ఆ బ్యాచ్ నుంచి ఎంతమంది కొనసాగారు, మధ్యలో ఎంతమంది వెళ్లిపోయారు, ఏ ట్రేడ్‌లలో అన్న అసలు అంకెలు రాగానే మీ రేట్ల షీట్‌లో ఊహలను చెరిపి వాటిని వేయండి. పాత షీట్‌ను తేదీతో సహా పక్కన దాచి, కొత్తదాన్ని మళ్లీ మూడో మెట్టు నుంచి నడపండి.